యాక్టివ్ క్లయింట్ అంటే ఎవరు? బుకింగ్ సాఫ్ట్‌వేర్ బిల్లు వెనకున్న లెక్క

యోగా స్టూడియోకో, జిమ్‌కో, డాన్స్ క్లాసులకో బుకింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుందామని కంపెనీ వెబ్‌సైట్ తెరిస్తే ధరల పట్టిక చాలా తేలిగ్గా కనిపిస్తుంది. 100 మంది యాక్టివ్ క్లయింట్ల దాకా నెలకు ఇంత, 200 దాకా ఇంత, 300 దాకా ఇంత. మన దగ్గరికి ఎంతమంది వస్తున్నారో మనకు తెలుసు కాబట్టి మన వరస ఏదో వెంటనే చూసేసుకుంటాం. మూడు నెలలు తిరిగేసరికి బిల్లు పై వరసలోకి ఎక్కి కూర్చుంటుంది. హాల్లో పరిచే చాపలు మాత్రం ఒక్కటి కూడా పెరిగి ఉండవు.

వెంటనే కంపెనీ మీద అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ అనుమానానికి ఆధారం దొరకదు. స్టూడియో నడిపేవారి దృష్టిలో యాక్టివ్ అంటే క్లాసుకు వస్తున్నవాళ్లు, అంతే. సాఫ్ట్‌వేర్‌కు ఆ ఇంగితం ఉండదు, ఎవరో ఒకరు నియమం రాసి పెట్టాలి. ఏ పని చేసినవాళ్లను లెక్కలోకి తీసుకోవాలి, ఎన్ని రోజుల లోపు చేసి ఉండాలి, ఆ లెక్క ఏ రోజున తీయాలి, అసలు ‘ఒక మనిషి’ అంటే ఎవరు. ఈ నాలుగూ తేలితేగానీ సంఖ్య రాదు. రెండు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి ఏది చౌకో చూసేవాళ్లు చాలామంది ఈ నాలుగూ చూడరు. అవి చూడకుండా చేసిన పోలిక నా లెక్కలో దండగ.

తలకింత అని ఎందుకు?

అమ్మేవారికి వసూలు దారులు ఇంకా చాలానే ఉన్నాయి. అందరికీ ఒకే రేటు పెట్టొచ్చు. అలా పెడితే ఇంటి హాల్లో 30 మంది పిల్లలకు సంగీతం చెప్పే టీచరుకు అది బరువు, 1,500 మంది సభ్యులున్న జిమ్‌కు కారుచౌక. ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో ఉన్నట్టు ఉద్యోగికి ఇంత అని పెట్టొచ్చు. క్లాసుల వ్యాపారంలో అదీ నిలవదు. ఒక్క టీచరు వెనక 300 మంది విద్యార్థులు ఉంటారు, లాగిన్ మాత్రం ఒక్కటే. బ్రాంచికి ఇంత అనీ, బుకింగ్‌కు ఇంత అనీ పెట్టేవాళ్లు ఉన్నారు. ఫీచర్లను బట్టి ప్యాకేజీలు అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఇంకో దారి, ఫీజు చెల్లింపుల్లో వాటా. అమెరికాలో ఇది చిన్న ఆదాయం కాదు. స్టూడియో ఫీజు కార్డు మీద వసూలైన ప్రతిసారీ ప్రాసెసింగ్ ఛార్జీలో కొంత సాఫ్ట్‌వేర్ కంపెనీకి మిగులుతుంది. మన దగ్గర ఆ దారి బాగా ఇరుకు. 2020 జనవరి నుంచి యూపీఐ, రూపే డెబిట్ చెల్లింపుల మీద ఎండీఆర్ సున్నా. అంటే వ్యాపారి దగ్గర బ్యాంకులు పట్టుకునే రుసుమే లేదు. లేని రుసుములో ఎవరికీ వాటా రాదు. పైగా చాలా చోట్ల ఫీజు సాఫ్ట్‌వేర్ గుమ్మం కూడా తొక్కదు, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో నేరుగా టీచరు నంబరుకు పోతుంది. కాబట్టి ఇక్కడి వ్యాపారం చూసుకునే కంపెనీకి నెలవారీ చందాయే దిక్కు. ఆ చందాను వ్యాపారం సైజుకు కట్టాలంటే క్లయింట్ల సంఖ్య కంటే అనువైన కొలమానం దొరకదు.

టీమప్ లాంటి సేవలు బాహాటంగానే యాక్టివ్ కస్టమర్ల సంఖ్యను బట్టి ధర పెడతాయి. ఈ రంగం మనకు మరీ దూరమేమీ కాదు. 2010లో సుధీర్ కోనేరు మొదలుపెట్టిన జెనోటీ సెలూన్లకూ స్పాలకూ ఇలాంటి సాఫ్ట్‌వేరే అమ్ముతుంది, దాని ఇంజినీర్లు హైదరాబాద్‌లో కూర్చుని పనిచేస్తారు. నిర్వచనాలు రాసేవాళ్లు ఎక్కడో లేరని చెప్పడానికే ఈ మాట.

తలకింత అనే పద్ధతి అన్యాయమని నేను అనను. వ్యాపారం పెరిగితే బిల్లు పెరగడం, తగ్గితే తగ్గడం, ఉన్నవాటిలో ఇదే న్యాయంగా ఉంది. చిక్కల్లా ‘తల’ను ఎలా గుర్తుపడతారన్న దగ్గరే.

ఒకే స్టూడియో, ఆరు సంఖ్యలు

విజయవాడలో ఒక యోగా స్టూడియో ఉందనుకుందాం. స్టూడియో ఊహే, అంకెలూ నేను వేసుకున్నవే. సాఫ్ట్‌వేర్‌లో మొత్తం 620 ప్రొఫైళ్లు ఉన్నాయి. జూన్ నెల చూద్దాం.

నెలవారీ మెంబర్‌షిప్ ఉన్నవాళ్లు 140 మంది. అందులో 118 మంది కనీసం ఒక్కసారైనా వచ్చారు, 22 మంది డబ్బు కట్టి రాలేదు. ఊరెళ్లో, కాలు బెణికో మెంబర్‌షిప్ ఫ్రీజ్ చేయించుకున్నవాళ్లు ఇంకో 15 మంది. పది క్లాసుల ప్యాక్ కొని, గడువు ఇంకా మిగిలి ఉన్నవాళ్లు 46 మంది. వాళ్లలో 30 మంది వచ్చారు, 16 మంది రాలేదు. జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం పేరు మీద ఉచిత క్లాసు పెడితే కొత్తగా పేరు నమోదు చేసుకుని వచ్చి వెళ్లినవాళ్లు 65 మంది. ప్యాకూ లేకుండా మెంబర్‌షిప్పూ లేకుండా ఒక్క క్లాసుకు డబ్బిచ్చి వచ్చినవాళ్లు 12 మంది. బుక్ చేసుకుని మొహం చాటేసిన కొత్తవాళ్లు 8 మంది. పిల్లల ఫీజు కడుతూ తాము ఏ క్లాసుకూ రాని తల్లిదండ్రులు 6 మంది. మిగతా 328 మంది ఎప్పుడో వచ్చి మానేసినవాళ్లు, పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు నియమం మార్చుకుంటూ పోదాం. ఆర్కైవ్ చేయని, అంటే పాత పేర్ల కింద పక్కకు తీసి పెట్టని ప్రతి ప్రొఫైలూ యాక్టివే అంటే లెక్క 620. ఆ నెల పాస్ (మెంబర్‌షిప్పో ప్యాకో) ఉన్నా, బుక్ చేసినా, డబ్బు కట్టినా, వచ్చినా, ఏ ఒక్కటి జరిగినా యాక్టివే అంటే 292. క్లాసుకు వచ్చినవాళ్లే అంటే 225. మెంబర్‌షిప్పో ప్యాకో ఉన్నవాళ్లు, ఫ్రీజ్‌లో ఉన్నవాళ్లతో సహా అంటే 201. ఫ్రీజ్‌ను వదిలేస్తే 186. డబ్బూ కట్టి, క్లాసుకూ వచ్చినవాళ్లు మాత్రమే అంటే 160.

ఆరు నియమాలూ ఎవరో ఒకరు సమర్థించగలిగేవే. కానీ అవన్నీ సమానంగా సబబు కావు.

ప్రొఫైల్ ఉంటే చాలు యాక్టివ్ అనే పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చనిది. అందులో బిల్లు తగ్గించుకోవడమనేది స్టూడియో వాళ్ల చాకిరీ అయిపోతుంది. ప్రతి నెలా కూర్చుని మానేసినవాళ్లను ఏరి ఆర్కైవ్ చేయాలి. ఒక నెల మరిచిపోతే 328 మంది పాతవాళ్లకు డబ్బు కట్టినట్టే. ఇది ఊరికే చెబుతున్న భయం కాదు. ఈమెయిల్ పంపే మెయిల్‌చింప్ 2019 మేలో తెచ్చిన కొత్త ప్లాన్లలో, ‘ఇక మాకు మెయిల్స్ వద్దు’ అని తప్పుకున్నవాళ్లను కూడా కాంటాక్టుల లెక్కలో కలిపింది. మెయిల్ పంపడానికి వీల్లేని మనిషి కూడా బిల్లులోకి వచ్చాడు. వద్దనుకుంటే వెతికి ఆర్కైవ్ చేసుకోవాలి. ఎవరిని లెక్కపెడతారో మార్చితే చాలు, పట్టికలో అంకె ముట్టుకోకుండానే ధర మారిపోతుంది.

‘ఏ ఒక్కటి జరిగినా’ అనే నియమాన్ని రాసుకోవడం కంపెనీకి సులువు, సమర్థించుకోవడమూ సులువే: మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు మెసేజ్ పంపింది, బుకింగ్ తీసుకుంది, రసీదు ఇచ్చింది, పని చేసినట్టే కదా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ వివరాల్లోకి దిగితే చికాకులు బయటపడతాయి. వెయిట్‌లిస్టులో పేరు పెట్టుకుని సీటు దొరకనివాడు యాక్టివేనా? గిఫ్ట్ కార్డు కొన్నామె? యోగా చాప ఒకటి కొనుక్కెళ్లినతను? ఆన్‌లైన్‌లో రికార్డు చేసిన క్లాసు చూసినవాళ్లు? మనకు ప్రశ్నే రానివాటికి సాఫ్ట్‌వేర్ దగ్గర జవాబు ముందే ఉంటుంది, ఎందుకంటే ఎవరో ఇంజినీర్ ఏదో ఒకటి రాయక తప్పలేదు.

హాజరు మీద లెక్క స్టూడియో వాళ్లకు సహజంగా అనిపిస్తుంది. వచ్చినవాళ్లకే కదా కట్టేది అనుకుంటాం. మన స్టూడియోలో చూడండి, ఉచిత క్లాసుకు వచ్చిన 65 మంది చేరడంతో అది 225కి పోయింది, పాస్ ఉన్నవాళ్ల లెక్క కంటే ఎక్కువ. ట్రయల్ క్లాసులు, ఉచిత శిబిరాలు ఎక్కువగా పెట్టేవాళ్లకు హాజరు లెక్క నష్టం. నికరంగా నెలవారీ సభ్యులతో నడిచేవాళ్లకు అదే లాభం, ఎందుకంటే డబ్బు కట్టి రానివాళ్లు ప్రతి జిమ్‌లోనూ ఉంటారు. కొత్త సంవత్సరం జనవరిలో చేరి ఫిబ్రవరికి మాయమయ్యేవాళ్ల గురించి జిమ్ నడిపేవారికి వేరే చెప్పాలా? కాబట్టి ఏ నిర్వచనం మంచిదన్నది మన వ్యాపారం ఏ రకమో చూసుకుని తేల్చుకోవాలి. అందరికీ మంచి నిర్వచనం అంటూ లేదు.

కంపెనీ వైపు నుంచీ ఒకసారి చూడాలి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హాళ్లన్నీ మూతపడ్డాయి. నేరుగా వచ్చే హాజరు రాత్రికి రాత్రి సున్నా. హాజరును బట్టే డబ్బు తీసుకునే కంపెనీకి అలాంటి నెలలో ఏమీ రాదు, సర్వర్ల ఖర్చు మాత్రం ఆగదు. అందుకే కంపెనీలు పాస్ ఉన్నవాళ్లనో, ‘ఏ ఒక్కటి జరిగినా’ అనే గంపగుత్త నియమాన్నో ఇష్టపడతాయి. తప్పు పట్టలేం.

యాక్టివ్ అనే లెక్కను ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు మలుచుకోవడం పెద్ద కంపెనీల్లోనూ మామూలే. ఫేస్‌బుక్ తన నెలవారీ వాడకందారుల లెక్కకు గడిచిన 30 రోజుల్లో లాగినై వాడినవాళ్లను తీసుకునేది. ట్విటర్ 2019లో నెలవారీ సంఖ్య చెప్పడమే మానేసి, ప్రకటనలు చూపించడానికి వీలున్న రోజువారీ వాడకందారుల సంఖ్యకు మారింది. అక్కడ లెక్క పెరిగితే మదుపరులు సంతోషిస్తారు. ఇక్కడ లెక్క పెరిగితే మనం డబ్బు కడతాం.

ముప్పై రోజులా, తొంభై రోజులా, ఏ రోజునా?

ఎవరిని లెక్కించాలో తేలాక, ఎంత కాలానికి అన్నది వస్తుంది. క్యాలెండర్ నెల ఒక పద్ధతి. వెనక్కి 30 రోజులు చూడటం ఇంకొకటి. కొందరు 60, 90 రోజులు కూడా చూస్తారు. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది.

మళ్లీ ఆ ఉచిత క్లాసుకే వద్దాం. హాజరు మీద లెక్క, బిల్లు ప్రతి నెలా 15న అనుకుందాం. వెనక్కి 30 రోజులు చూసే సాఫ్ట్‌వేర్ జులై 15న ఆ 65 మందినీ పట్టుకుంటుంది, ఆగస్టు 15కు వదిలేస్తుంది. అంటే ఒక బిల్లు. వెనక్కి 90 రోజులు చూసేదైతే జూన్ 21 నుంచి 90 రోజులు సెప్టెంబర్ 19 దాకా వస్తాయి. జులై 15, ఆగస్టు 15, సెప్టెంబర్ 15, మూడు బిల్లుల్లోనూ ఆ 65 మంది ఉంటారు. గంట సేపు ఉచితంగా వచ్చి వెళ్లినవాళ్లకు మూడు నెలల చందా.

లెక్క ఏ క్షణంలో తీస్తారన్నది దీనికి తోడు. బిల్లు రోజున ఉన్న సంఖ్యనే తీసుకునేవాళ్లు కొందరు. నెలంతటిలో ఏ రోజున ఎక్కువగా ఉందో ఆ గరిష్ఠ సంఖ్యను తీసుకునేవాళ్లు కొందరు. నెలలో లెక్కలోకి వచ్చిన వేరు వేరు మనుషులందరినీ కలిపేవాళ్లు ఇంకొందరు. విద్యార్థులు త్వరగా మారిపోయే చోట ఈ మూడూ చాలా దూరంగా ఉంటాయి. ఒకటో తేదీన 20 మంది మానేసి, పదో తేదీన వేరే 20 మంది చేరారనుకోండి. ఏ రోజు చూసినా హాల్లో జనం మునుపటికంటే ఎక్కువేం లేరు, మొత్తం కలిపే లెక్కలో మాత్రం 20 మంది పెరిగారు. వేసవి శిబిరాలు పెట్టే చోట ఇదే జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు బ్యాచుల వారీగా వచ్చి పోతారు, ఆ రెండు నెలలూ బిల్లు ఉబ్బుతుంది. మార్చిలో పరీక్షలప్పుడు దాదాపు ఎవరూ రారు. ఇలా ఎక్కి దిగే వ్యాపారానికి గరిష్ఠ సంఖ్య మీద బిల్లు వేసే కంపెనీ పనికిరాదు.

ఇక్కడే ఎవరికీ తట్టని ఒక సాంకేతిక చిక్కు ఉంది. సర్వర్లు సమయాన్ని సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న ప్రామాణిక సమయంలో రాసుకుంటాయి. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. జులై 1న ఉదయం 5 గంటలకు విజయవాడలో యోగా క్లాసు మొదలైతే యూటీసీలో అది జూన్ 30 రాత్రి 11:30. స్టూడియో ఉన్న చోటి సమయానికి మార్చుకోకుండా నెల లెక్క తీస్తే, ఆ తెల్లవారుజాము బ్యాచ్ మొత్తం జూన్ హాజరులో పడుతుంది. డాలస్‌లో కూచిపూడి నేర్పే టీచరుకు దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ జూన్ 30 సాయంత్రం 7 గంటల క్లాసు యూటీసీలో అప్పటికే జులై 1. జాగ్రత్తగా రాసిన సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచేసుకుంటుంది. మన లెక్కకూ కంపెనీ లెక్కకూ కొద్దిమంది తేడా వచ్చి, ఎంత వెతికినా కారణం దొరకకపోతే, నెల మొదటి రోజు తెల్లవారుజాము క్లాసుల జాబితా ఒకసారి చూడండి.

201వ మనిషి

మన విజయవాడ స్టూడియో లెక్కల్లో 186కూ 201కీ మధ్య తేడా 15 మంది, అదీ ఫ్రీజ్‌లో ఉన్నవాళ్లు. వాళ్లు రావడం లేదు, ఫీజూ కట్టడం లేదు. పట్టికలో గీత 200 దగ్గర ఉంటే మాత్రం వాళ్లే మనల్ని పై స్లాబులోకి తోసేస్తారు.

స్లాబులు రెండు రకాలు. ఒకదానిలో గీత దాటినవాళ్లకే కొత్త రేటు, 201వ మనిషికి కొంచెం అదనం కట్టి ఊరుకుంటాం. రెండోది తెలంగాణలో గృహజ్యోతి కరెంటు బిల్లు లాంటిది: 200 యూనిట్ల లోపు ఉంటే సున్నా, 201 అయితే మొత్తం యూనిట్లకూ కట్టాలి. బుకింగ్ సాఫ్ట్‌వేర్ పట్టికల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. ఒక్క మనిషి ఎక్కువైనా ప్యాకేజీ మొత్తం మారుతుంది.

దీనికంటే మనం గట్టిగా అడగాల్సింది దిగడం గురించి. పై స్లాబుకు ఎక్కించడం సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేస్తుంది. తర్వాతి నెల సంఖ్య తగ్గితే అదే వేగంతో కిందికి దించుతుందా, లేక మనం మెయిల్ పెట్టి అడగాలా, లేక ఏడాది చివరిదాకా అక్కడే ఉండాలా? ఎక్కడం ఆటోమేటిక్, దిగడం దరఖాస్తు మీద అన్న ఏర్పాటు ఉంటే, ఒక్క రద్దీ నెల ఏడాది ఖర్చును నిర్ణయించేస్తుంది. నిర్వచనం ఎంత బాగున్నా ఈ ఒక్క షరతు దాన్ని పనికిరాకుండా చేస్తుంది.

ఒక మనిషి అంటే ఒకరేనా?

డేటాబేస్‌లో మనుషులుండరు, ఐడీ నంబర్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ లెక్కించేది వేరు వేరు ఐడీలను. ఒకే అమ్మాయి మొదటిసారి వాట్సాప్ లింకు నుంచి ఫోన్ నంబరుతోనూ, రెండోసారి వెబ్‌సైట్ నుంచి ఈమెయిల్‌తోనూ నమోదు చేసుకుంటే ఇద్దరవుతుంది. నంబరు ముందు +91 పెట్టినప్పుడు ఒకరు, పెట్టనప్పుడు ఇంకొకరు. ఇంటిపేరు ముందు రాస్తే ఒకరు, వెనక రాస్తే మరొకరు. రిసెప్షన్‌లో హడావుడిగా ఉన్నప్పుడు పాత ప్రొఫైల్ వెతకడం కంటే కొత్తది తెరవడం సులువు. అలా డూప్లికేట్లు పేరుకుంటాయి. ఆ మనిషి మెంబర్‌షిప్ ఒక ఐడీ మీద, హాజరు ఇంకో ఐడీ మీద ఉంటే, ‘ఏ ఒక్కటి జరిగినా’ నియమంలో ఇద్దరూ యాక్టివే.

కుటుంబాల లెక్క ఇంకా ముడి. అమెరికాలో మన కూచిపూడి, సంగీతం బడుల్లో ఫీజు కట్టేది తల్లిదండ్రులు, ఖాతా వాళ్ల పేరు మీదే ఉంటుంది. నేర్చుకునేది అక్కాచెల్లెళ్లిద్దరు. ఆ ఇల్లు ఒక క్లయింటా, ఇద్దరా, ముగ్గురా? కుటుంబ ఖాతా సరిగ్గా ఉన్న సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టే వ్యక్తిని విద్యార్థిగా లెక్కించరు. లేని సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టడమే ఒక కదలిక కాబట్టి ముగ్గురూ లెక్కలో ఉంటారు. వేసవిలో పిల్లలు ఇండియా వచ్చేసినప్పుడు ఫ్రీజ్ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. పిల్లల క్లాసులు నడిపేవాళ్లు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం, ఫీచర్ల సంగతి తర్వాత.

రెండు బ్రాంచిలుంటే బెంజ్ సర్కిల్‌లో ఒక రోజూ పటమటలో ఒక రోజూ వచ్చే సభ్యుడు ఒక్కడేనా ఇద్దరా అన్నదీ తేల్చుకోవాలి. క్లాస్‌పాస్ లాంటి మధ్యవర్తి యాప్‌ల నుంచి వచ్చేవాళ్లది వేరే కథ. వాళ్లు మన సభ్యులు కారు, ఒక్కో క్లాసుకు మనకొచ్చేది తక్కువ, అయినా హాజరు వేయాలంటే ప్రొఫైల్ ఉండాల్సిందే. ప్రొఫైల్ ఉంది, హాజరు ఉంది, ఇంకేం, యాక్టివ్.

డబ్బు ఆగిపోయినవాళ్లు

పాస్ ఉన్నవాళ్లే యాక్టివ్ అనే నియమంలో ఒక బూడిదరంగు జాగా ఉంది, ఆటోపే ఫెయిలైనవాళ్లు. రిజర్వ్ బ్యాంకు ఆటోమేటిక్ చెల్లింపుల నియమాలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి, అతను వద్దనొచ్చు. అప్పుడు 5,000 రూపాయలున్న పరిమితిని 2022 జూన్‌లో 15,000కు పెంచారు. మామూలు చందాలకు అంతకు మించితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. 18,000 రూపాయల వార్షిక మెంబర్‌షిప్ రెన్యూవల్ రోజున సభ్యుడు ఓటీపీ కొట్టకపోతే డబ్బు రాదు.

అప్పుడు ఆ సభ్యుడి స్థితి ఏమిటి? చాలా సాఫ్ట్‌వేర్లు వెంటనే రద్దు చేయవు, ‘బకాయి ఉంది’ అని రాసి కొన్నాళ్లు చూస్తాయి. అది మన మంచికే, ఒక్కసారి ఫెయిలైందని మంచి సభ్యుణ్ని పోగొట్టుకోకూడదు. కానీ ఆ కొన్నాళ్లూ మెంబర్‌షిప్ కాగితం మీద బతికే ఉంటుంది కాబట్టి మనిషి యాక్టివ్ లెక్కలో ఉంటాడు. రాని డబ్బుకు మనం తలకింత కడుతుంటాం. ఎన్ని రోజుల బకాయి తర్వాత పాస్ దానంతట అదే ముగుస్తుందో సెట్టింగుల్లో ఉంటుంది. కొన్నిట్లో గడువే ఉండదు, మనం చేత్తో ముగించేదాకా అలాగే ఉంటుంది.

మనమే లెక్క తీసుకుంటే

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నెలాఖరున హాజరు రిపోర్టూ, చెల్లుబాటులో ఉన్న పాస్‌ల రిపోర్టూ ఎక్సెల్‌లోకి దింపుకోవాలి. ఫోన్ నంబర్ల నుంచి చివరి పది అంకెలు మాత్రం ఉంచి, రెండు జాబితాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి డూప్లికేట్లు తీసేస్తే కంపెనీ సంఖ్యకు దగ్గరగా ఒక సంఖ్య వస్తుంది. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకే నంబరు మీద ఉంటారు కాబట్టి పిల్లల క్లాసులకు పేరు కూడా కలిపి చూడాలి. మన సంఖ్య, బిల్లులోని సంఖ్య ఒక్కటే కానక్కర్లేదు. తేడా ఎవరి వల్ల వచ్చిందో తెలియాలి. అందుకు కంపెనీ దగ్గర్నుంచి కావాల్సింది ఒక్కటే, బిల్లులో లెక్కించిన క్లయింట్ల పేర్ల జాబితా. సంఖ్య మాత్రమే చూపించి జాబితా చూపించలేమనే కంపెనీతో ఏడాది ఒప్పందం చేసుకోవడం నేనైతే మానేస్తాను.

ఆర్కైవ్ చేయడం వల్ల బిల్లు తగ్గే చోట రెండు జాగ్రత్తలు. ఆర్కైవ్ వేరు, డిలీట్ వేరు. ప్రొఫైల్‌తో పాటు ఇన్‌వాయిస్‌లూ పోయేలా డిలీట్ చేస్తే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు, వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రంగా ఉంచాలని చట్టం. రెండోది, ఆర్కైవ్ అయిన మనిషి పాత లింకుతో లాగినై బుక్ చేసుకోగలడా లేదా చూసుకోవాలి. ఆరు నెలలకు తిరిగొచ్చిన పాత విద్యార్థికి ‘మీ ఖాతా లేదు’ అని వస్తే, రిసెప్షన్‌లో ఎవరో కొత్త ప్రొఫైల్ తెరుస్తారు, ఇంకో డూప్లికేట్ పుడుతుంది.

ఏడాది డబ్బు ముందే కట్టే ప్లాన్లలో ఇంకో రెండు విషయాలు మెయిల్‌లోనే రాయించుకోవాలి, ఫోన్‌లో సేల్స్ వాళ్లు చెప్పిన మాట బిల్లు రోజున గుర్తుండదు. మధ్యలో గీత దాటితే అదనం ఆ నెలకేనా, మిగిలిన నెలలన్నిటికీనా అన్నది ఒకటి. ఒప్పంద కాలంలో యాక్టివ్ నిర్వచనం మార్చితే ఎన్ని రోజుల ముందు చెబుతారు, అది మనకు నచ్చకపోతే మిగిలిన డబ్బు వెనక్కిస్తారా అన్నది రెండోది. రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర సిద్ధంగా జవాబు ఉండదు, వాళ్ల లీగల్ వాళ్లను అడిగి చెబుతామంటారు. ఆ జవాబు వచ్చేదాకా నెలవారీ ప్లాన్‌లోనే ఉండొచ్చు, ధర కాస్త ఎక్కువైనా.